ఓడ ఉద్యోగానికి వీసా: పాస్‌పోర్టు నుంచి ఓడ ఎక్కేదాకా చేయాల్సిన పనులు వరుసగా

ముత్తుకూరు, కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు కుర్రాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “విదేశీ ఓడలో పనికి ఏ వీసా తీసుకోవాలి? ఎంత కట్టాలి?”

మొదటిదానికి జవాబు: ప్రపంచమంతా చెల్లే ‘ఓడ వీసా’ ఏదీ లేదు. మీరు ఏ దేశం రేవులో ఓడ ఎక్కుతారు, ఆ ఓడ ఏయే రేవులకు వెళ్తుంది అన్నదాన్ని బట్టి వీసా మారుతుంది.

రెండోదానికి జవాబు: వాణిజ్య నౌకలో చేరేవాళ్ళ వీసా ఖర్చు ఓడ యజమానిదే. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ఆ మాట సూటిగా చెబుతుంది. దీన్ని అందరూ ఎంఎల్‌సీ అంటారు. భారతదేశం 2015లో దాన్ని ఆమోదించింది. పాస్‌పోర్టు, సీడీసీ (ఓడ సిబ్బందికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పుస్తకం), మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు మాత్రం మీరు పెట్టుకోవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు ఫీజు, వీసా ఫీజు మీ దగ్గర తీసుకోకూడదు.

అసలు వరుస ఇది: ముందు మీ కాగితాలు, తర్వాత కంపెనీ, ఆ తర్వాత కాంట్రాక్టు, ఆఖరున వీసా. “ముందు వీసా కొట్టిస్తాం, ఓడ తర్వాత చూద్దాం” అని ఎవరైనా ఈ వరుస తిరగేస్తే అక్కడే ఆగిపోండి.

## 1. మీది ఏ రకం ఓడ ఉద్యోగమో ముందు తేల్చుకోండి

దీన్ని తేల్చుకోకుండా వీసా గురించి మాట్లాడటం దండగ. మన తీరం నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఈ నాలుగు దారుల్లో వెళ్తున్నారు.

సరుకు ఓడలు. కంటెయినర్, బల్క్, ట్యాంకర్ ఓడలు దేశం నుంచి దేశానికి తిరుగుతుంటాయి. ఇక్కడ మామూలు వర్క్ వీసా అక్కర్లేదు. కావలసింది సిబ్బంది వీసా లేదా ఓడలో చేరడానికి వెళ్ళే ట్రాన్సిట్ వీసా.

క్రూయిజ్ ఓడలు. వంట, హౌస్‌కీపింగ్, రెస్టారెంట్ పనులు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళకు మంచి అవకాశం. అమెరికా రేవుల నుంచి తిరిగే ఓడలు ఎక్కువ కాబట్టి అమెరికా సిబ్బంది వీసా దాదాపు తప్పదు. చాలా కంపెనీలు 21 ఏళ్ళు నిండినవాళ్ళనే తీసుకుంటాయి.

ఒకే దేశం నీళ్ళలో పనిచేసే ఓడలు. టగ్గులు, డ్రెడ్జర్లు, చమురు బావులకు, గాలిమరలకు సామాన్లు చేర్చే ఓడలు. వీటికి చాలా చోట్ల ఆ దేశపు వర్క్ వీసానే కావాలి. ఉదాహరణకు బ్రిటన్ తన సముద్రంలోని గాలిమరల పనులకు ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు 2023 ఏప్రిల్ 30తో ముగిసింది. ఇప్పుడు అక్కడ ఆ పని చేయాలంటే పని చేసే హక్కు ఇచ్చే వీసా ఉండాలి.

గల్ఫ్ చేపల బోట్లు. ఇది పూర్తిగా వేరే దారి. 5వ భాగంలో విడిగా రాశాను. వేట తెలిసినవాళ్ళు అది చదవకుండా అడుగు వేయకండి.

## 2. వీసా అడిగే ముందు చేతిలో ఉండాల్సినవి

- పాస్‌పోర్టు. నెల్లూరు, ఒంగోలు పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో దరఖాస్తు చేయవచ్చు. 36 పేజీలది కాకుండా 60 పేజీలది అడగండి. 500 రూపాయలే తేడా. ఓడ ఉద్యోగంలో ముద్రలకే పేజీలు అయిపోతాయి.
- శిక్షణ. పదో తరగతి పాసైనవాళ్ళకు ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు (డెక్, ఇంజిన్ పనులు నేర్పేది) ఉంది, వంట వైపు క్యాటరింగ్ కోర్సు ఉంది. ఎందులో చేరినా ఆ సంస్థకు డీజీ షిప్పింగ్ (ఓడల రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూశాకే ఫీజు కట్టండి.
- ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రాథమిక కోర్సులు. ప్రాణరక్షణ, మంటలార్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, వీటికి తోడు ఓడ భద్రత కోర్సు. ట్యాంకర్‌కైతే ట్యాంకర్ కోర్సు, క్రూయిజ్‌కైతే ప్రయాణికుల ఓడ కోర్సులు అదనం.
- ఇండోస్ (భారత నావికుల జాతీయ జాబితా) నంబరు, సీడీసీ. రెండూ ఆన్‌లైన్‌లోనే. సీడీసీ ఇచ్చే షిప్పింగ్ మాస్టర్ కార్యాలయాల్లో మనకు దగ్గరిది చెన్నై. సీడీసీ పదేళ్ళు చెల్లుతుంది.
- మెడికల్ సర్టిఫికెట్. డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టరు ఇచ్చిందే చెల్లుతుంది. గడువు రెండేళ్ళు, 18 ఏళ్ళలోపు వాళ్ళకు ఏడాది.
- ఎల్లో ఫీవర్ టీకా. ఆఫ్రికా, దక్షిణ అమెరికా రేవులకు కావాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలోనూ వేస్తారు.

కోర్సులో చేరకముందే కళ్ళు పరీక్ష చేయించుకోండి. రంగులు సరిగా గుర్తుపట్టలేనివాళ్ళకు డెక్ పని రాదు. లక్షలు పోసి చదివాక ఆ సంగతి బయటపడితే ఆ ఇంటి బాధ చెప్పనలవి కాదు.

## 3. పేరు సరిచూసుకోవడం

తెలుగువాళ్ళ ఓడ కాగితాల్లో ఎక్కువ తంటా వచ్చేది ఇక్కడే.

టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో వేసేస్తారు. కోర్సు సర్టిఫికెట్‌లో మరోలా ఉంటుంది. వీసా అధికారికి ఇవి నలుగురు వేర్వేరు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి.

సరిచేసే వరుస ఇది:

1. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకోండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు అందులో ఉన్నట్టే మిగతాచోట్ల ఉండాలి.
2. ఆధార్‌లో తేడా ఉంటే ముందు ఆధార్ మార్పించండి.
3. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మీ పేరు గివెన్ నేమ్ గడిలో, పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా రావాలి. ఇప్పటికే తప్పుగా ఉంటే రీ-ఇష్యూకు వెళ్ళండి.
4. ఇండోస్, సీడీసీ, కోర్సు సర్టిఫికెట్లు అన్నీ పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం అలాగే నింపండి.

సర్‌నేమ్ ఖాళీగా ఉంటే నష్టమేమిటని అడుగుతారు. అమెరికా వీసా దరఖాస్తులో అప్పుడు మీ పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్ళి, గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్ మీద, ఓడ సిబ్బంది జాబితాలో పేరు మరోలా వస్తుంది. యూఏఈ అయితే ఒక్క మాటే పేరుగా ఉన్న పాస్‌పోర్టులకు విజిట్, టూరిస్టు వీసాలు ఇవ్వడం 2022 నవంబరు నుంచి ఆపేసింది. ఓడ ఖాయమయ్యాక టెన్షన్ పడేకంటే ఇప్పుడే మార్పించుకోవడం మేలు.

## 4. ఏజెంటును, ఓడను పరీక్షించడం

వాణిజ్య నౌకలకు మనుషుల్ని పంపాలంటే డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ (ఓడలకు సిబ్బందిని నియమించే) లైసెన్సు ఉండాలి. ట్రైనింగ్ సెంటర్ బోర్డు, జీఎస్టీ సర్టిఫికెట్, “గవర్నమెంట్ అప్రూవ్డ్” స్టిక్కరు ఏవీ దానికి బదులు కావు.

ఇలా చూడండి:

- ఏజెంటు దగ్గర ఆర్‌పీఎస్ఎల్ నంబరు అడగండి. చెప్పడానికి నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.
- ఆ నంబరును డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో వెతకండి. పేరు, చిరునామా కలవాలి. లైసెన్సు అమల్లో ఉందా, రద్దయిందా అన్నది చూడాలి.
- జాబితాలో ఉన్న ఫోన్ నంబరుకే మీరు ఫోన్ చేసి, మీ ఊరికి వచ్చిన మనిషి వాళ్ళ ఉద్యోగేనా అని అడగండి. మంచి కంపెనీ పేరు చెప్పుకుని తిరిగే మధ్యవర్తులు చాలామంది ఉన్నారు.
- ఓడ పేరు, ఏడంకెల ఐఎంఓ నంబరు (ప్రతి ఓడకూ ఉండే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) తీసుకోండి. ఈక్వాసిస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే ఆ ఓడ యజమాని ఎవరో, తనిఖీల్లో ఎన్నిసార్లు ఆపేశారో కనిపిస్తుంది.
- యజమాని సిబ్బందిని గాలికొదిలేసిన ఓడల జాబితాను అంతర్జాతీయ కార్మిక సంస్థ నడుపుతోంది. మీ ఓడ అందులో ఉందేమో చూడండి.

కాంట్రాక్టు చేతికి వచ్చాక జీతం ఒక్కటే చూడకండి. యజమాని పేరు, చిరునామా, మీ హోదా, నెల జీతం, కాంట్రాక్టు కాలం, ఇంటికి తిరిగి పంపే ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. ఎంఎల్‌సీ ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి.

ఇంకో హెచ్చరిక. “ఇండియన్ సీడీసీ లేటవుతుంది, వేరే దేశం సీడీసీ వారంలో తెప్పిస్తాం” అంటారు. కోర్సు చేయకుండా చేతికొచ్చిన పుస్తకం నకిలీదని తేలితే ఇమిగ్రేషన్‌లో ఆపేస్తారు. కేసు మీ మీద కూడా పడుతుంది.

## 5. గల్ఫ్ చేపల బోటుకు వెళ్ళేవాళ్ళకు

ఎంఎల్‌సీ చేపల బోట్లకు వర్తించదు. అంటే పైన చెప్పిన రక్షణలు ఇక్కడ లేవు. సీడీసీ, ఆర్‌పీఎస్ఎల్ దారి కూడా కాదు.

ఇక్కడ కావలసింది ఆ దేశపు ఉద్యోగ వీసా. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావలసిన రకం) కింద ఉంటుంది. అలాంటివాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదైనవాడై ఉండాలి. అతను తీసుకోదగిన సర్వీసు ఫీజు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి ఒక్క రూపాయి అడగడానికి వీల్లేదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. ఆ పాలసీ కాగితం నకలు ఇంట్లో ఉంచి వెళ్ళండి.

విజిట్ వీసా మీద దింపి “అక్కడ మారుస్తాం” అంటే ఒప్పుకోవద్దు. విజిట్ వీసా మీద బోటు ఎక్కినవాడికి జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా, ఫిర్యాదు చేయబోతే తప్పు తనదే అవుతుంది.

## 6. ఏ దేశానికి ఏ వీసా

అమెరికా: సీ1/డీ. సీ1 అంటే ఓడ ఎక్కడానికి ఆ దేశం గుండా వెళ్ళే ట్రాన్సిట్, డీ అంటే సిబ్బంది. రెండూ కలిపి ఒకే వీసాగా ఇస్తారు. ఫీజు 185 డాలర్లు. ప్రతి రాకలోనూ గరిష్ఠంగా 29 రోజులే ఉండనిస్తారు. దీనిమీద ఒడ్డున ఏ పనీ చేయకూడదు, దేశంలో ఉండి వేరే వీసాకు మారడం కుదరదు. అమెరికా నీళ్ళలో 29 రోజులు దాటి ఉండే ప్రైవేటు యాట్ (విలాస పడవ) సిబ్బందికి, తీరానికి దూరంగా చమురు పనుల్లో ఉండే కొందరికి బీ1 వీసా అడుగుతారు.

యూరప్: షెంజెన్. రోటర్‌డామ్‌లోనో ఆంట్‌వర్ప్‌లోనో ఓడ ఎక్కాలంటే షెంజెన్ (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే) స్వల్పకాల వీసా కావాలి. ఓడ ఎక్కే రేవు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఫీజు 90 యూరోలు. కాంట్రాక్టు, సీడీసీ, కంపెనీ లేఖతో పాటు ఆ రేవులోని ఏజెంటు ఇచ్చే లేఖ ముఖ్యం. దాంట్లో ఓడ పేరు, రేవుకు చేరే తేదీ ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ళలోపు జారీ అయినదై, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి.

ఆస్ట్రేలియా: సబ్‌క్లాస్ 988. సముద్రం మీదుగా వచ్చే సిబ్బందికి ఇచ్చే వీసా ఇది. ఆన్‌లైన్‌లో, పూర్తిగా ఉచితం. మూడేళ్ళదాకా చెల్లుతుంది. విమానంలో వెళ్ళి అక్కడ ఓడ ఎక్కాలంటే దీనితో పాటు సబ్‌క్లాస్ 771 ట్రాన్సిట్ వీసా కూడా కావాలి. అదీ ఉచితమే. ఈ రెండింటికీ డబ్బు అడిగేవాళ్ళు ఉన్నారు. ఇవ్వకండి.

కెనడా. అంతర్జాతీయ రవాణాలో ఉన్న విదేశీ జెండా ఓడ సిబ్బందికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు, ప్రవేశ వీసా మాత్రం కావాలి. కెనడా రేవుల మధ్యే తిరిగే ఓడైతే వర్క్ పర్మిట్ అడుగుతారు.

యూఏఈ, ఇతర గల్ఫ్ రేవులు. దూరప్రయాణపు ఓడలో చేరేవాళ్ళకు కంపెనీ తరఫున అక్కడి ఏజెంటు ప్రవేశ అనుమతి తెస్తాడు. టగ్గులు, బార్జీల్లో అక్కడే పనిచేసేవాళ్ళకు ఉద్యోగ వీసా, రెసిడెన్సీ ఉండాలి.

విమానం మధ్యలో మారే దేశం ఏదో కూడా చూసుకోండి. అక్కడి ట్రాన్సిట్ నియమం వేరు కావచ్చు.

## 7. సీ1/డీ దరఖాస్తు వరుసగా

ఎక్కువమందికి కావలసింది ఇదే. కంపెనీ లేఖ లేకుండా సొంతంగా వెళ్తే తిరస్కరణే వస్తుంది. ఆ తిరస్కరణ ఇకముందు ప్రతి దరఖాస్తులోనూ రాయాల్సి వస్తుంది.

1. కంపెనీ లేదా ఆర్‌పీఎస్ఎల్ సంస్థ నుంచి లేఖ తీసుకోండి. మీ పేరు, హోదా, ఓడ, జీతం, కాంట్రాక్టు కాలం అందులో ఉండాలి.
2. డీఎస్-160 ఫారం (అమెరికా వీసా ఆన్‌లైన్ దరఖాస్తు) నింపండి. సిబ్బంది భాగంలో మీ ఉద్యోగం పేరు, ఓడ యజమాని కంపెనీ, చిరునామా, ఏజెన్సీ ద్వారా వచ్చారా, ఓడ పేరు, దాని గుర్తింపు నంబరు అడుగుతారు. అన్నీ లేఖ చూసే రాయండి.
3. గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు. ఉన్నవి దాచకండి.
4. ఫీజు కట్టి, వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు హైదరాబాద్‌లో గానీ చెన్నైలో గానీ తేదీ తీసుకోండి. అపాయింట్‌మెంటులో ఇచ్చిన డీఎస్-160 నంబరు, మీరు పట్టుకెళ్ళే కాగితం మీది నంబరు ఒకటే అయి ఉండాలి.
5. ముందురోజే ఊరు చేరండి. నెల్లూరువాళ్ళు చెన్నై దగ్గరే కదా అని పొద్దున పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. అది మధ్యాహ్నానికి గానీ చేరదు.
6. ఇంటర్వ్యూలో అడిగినదానికే చెప్పండి: ఏ కంపెనీ, ఏ ఓడ, ఏ పని, ఎంత జీతం, ఎన్ని నెలలు, తర్వాత ఏం చేస్తారు. బట్టీ పట్టిన ఇంగ్లీషు అప్పజెప్పకండి. ఓడ పని గురించి సొంత మాటల్లో చెప్పడం ముందే సాధన చేయండి.

ఎక్కువగా దొర్లే తప్పులు, వాటి మందు:

- డీఎస్-160 నెట్ సెంటర్‌వాడికి వదిలేయడం. హోదా దగ్గర ‘సెయిలర్’ అని రాసేస్తాడు, లేఖలో ‘ట్రైనీ ఓఎస్’ (ఆర్డినరీ సీమన్) అని ఉంటుంది. పక్కన కూర్చుని ప్రతి గడీ చూసి, సమర్పించాక ప్రింటు తీసి చదవండి. తప్పుంటే కొత్త ఫారం నింపి, అపాయింట్‌మెంటులో నంబరు మార్పించండి.
- లేని అనుభవం రాయడం. సీడీసీలో లేని సముద్ర అనుభవాన్ని నమ్మరు. ఫ్రెషర్ అయితే ఫ్రెషర్ అనే చెప్పండి. అది నేరం కాదు.
- అమెరికాలో బంధువులను దాచడం. అన్నో, మేనమామో అక్కడ ఉంటే ఉన్నారనే రాయండి. దాచింది బయటపడితే వీసా శాశ్వతంగా పోవచ్చు.

214(బీ) కాగితం ఇస్తే తిరస్కరించారని. అప్పీలు లేదు, పరిస్థితి మారాక మళ్ళీ దరఖాస్తు చేయాలి. 221(జీ) ఇస్తే ఇంకా పరిశీలనలో ఉందని, లేదా ఏదో కాగితం కావాలని. అడిగింది త్వరగా ఇచ్చి, కంపెనీకి అదే రోజు చెప్పండి. దాచిపెడితే ఓడ తేదీ తప్పి మీ స్థానంలో ఇంకొకరిని పంపుతారు.

## 8. బయల్దేరే ముందురోజు

- పాస్‌పోర్టు, సీడీసీ, కోర్సు సర్టిఫికెట్ల అసలు ప్రతులు, మెడికల్, ఎల్లో ఫీవర్ కార్డు. అన్నీ చేతి సంచిలోనే, లగేజీలో వద్దు.
- సంతకమైన కాంట్రాక్టు, జాయినింగ్ లేఖ, రేవులోని ఏజెంటు పేరు, ఫోన్ నంబరు.
- ఓడలో చేరేవాళ్ళను అనుమతించమని కంపెనీ ఇచ్చే హామీ లేఖ. విమానం కౌంటరులో దీన్నే అడుగుతారు.
- మీరు ఓడకు బయల్దేరుతున్న వివరాలు ఆర్‌పీఎస్ఎల్ సంస్థ ఆన్‌లైన్‌లో నమోదు చేసిందని రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. అది లేక ఇమిగ్రేషన్‌లో ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.
- అన్నింటి నకళ్ళూ ఇంట్లో ఒక సెట్టు. ఐఎంఓ నంబరు అమ్మానాన్నల దగ్గర రాసిపెట్టి ఉండాలి. ఆ నంబరుతో ఓడ ఎక్కడుందో ఇంట్లోవాళ్ళు ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

టికెట్ మీద ఊరు, జాయినింగ్ లేఖలో రేవు వేర్వేరు దేశాల్లో ఉంటే, కారణం కంపెనీ నుంచి రాతలో వచ్చేదాకా ఎక్కకండి. దుబాయ్ అని చెప్పి ఇరాన్‌లో దింపిన కేసులు మన దేశంలో చాలా జరిగాయి.

## 9. డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే

పరువు పోతుందని ఊరుకోకండి. ఇలా చేయండి.

బ్యాంకు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు, వాట్సాప్ మాటలు, ఆఫర్ లేఖ అన్నీ ఒకచోట పెట్టండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. తర్వాత మీ ఊరి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఓడ ఉద్యోగమైతే ఫిర్యాదు నకలు డీజీ షిప్పింగ్‌కు పంపండి. ఆర్‌పీఎస్ఎల్ ఉన్న సంస్థ అయితే వాళ్ళ లైసెన్సు మీద చర్య తీసుకునే అధికారం దానికే ఉంది.

మనిషి ఇప్పటికే విదేశంలో చిక్కుకుని ఉంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంట్లోవాళ్ళే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి కూడా చెప్పండి, తెలుగులోనే మాట్లాడతారు. పాస్‌పోర్టు నకలు, ఓడ పేరు, ఐఎంఓ నంబరు, చివరిసారి మాట్లాడిన తేదీ ముందే ఒక కాగితం మీద రాసుకుని ఫోన్ చేస్తే పని త్వరగా ముందుకు కదులుతుంది.